పైదిమ్మె జ్ఞాపకం

తీగ గుండా వస్తోంది. యంత్రం తన పుర్రెలో దాచుకున్నదంతా, అరచేయంత పలక మీద నుంచి నా ముందున్న కంప్యూటర్‌లోకి, గాయం నుంచి కారినట్టు బొట్టు బొట్టుగా. గంట పడుతుందట. తెర మీది గీత నత్తలా పాకుతోంది. దానికేం, పోయే ప్రాణం లేదు. గాజు కిటికీ కింద హాలు, హాలు మధ్య ఆ ప్రెస్సు, ప్రెస్సు మీద నీలం టార్పాలిన్. చచ్చినవాడికి కప్పవలసింది చంపినదానికి కప్పారు. చంపినది అన్నాను, ఇంకా వెతకనైనా లేదు, అప్పుడే తీర్పు చెప్పేశాను. ఈ తొందర నాకు నచ్చదు, నాలో ఉన్నా నచ్చదు. పైదిమ్మె అంటారు దాని ఇనుప తలను. రెండు వందల టన్నుల బలంతో దిగి, చదును రేకును ఒక్క గుద్దుకు మోటారు మూతగా మార్చేస్తుంది. పోయిన నెల ఒక మధ్యాహ్నం అది దిగినప్పుడు కింద రేకు లేదు. ఒక మగవాడి తలా భుజాలూ ఉన్నాయి. అచ్చులు బిగించే సెట్టరు అతను, ఇరుక్కున్న రేకుముక్కను లాగడానికి నడుము దాకా లోపలికి వంగాడు. బటన్ల దగ్గర నిలబడ్డ ఆపరేటరు అతని భార్య. నేనే నొక్కాను, అని ఆమె మేనేజరుకు చెప్పింది, పోలీసులకు చెప్పింది, అడగని ఆయాకు కూడా చెప్పింది. ఆమె వకీలు మాత్రం ఆ మాటను పట్టుకుని ఊరుకోలేదు. యంత్రం జ్ఞాపకాన్ని తెలిసినవాళ్లెవరైనా చూడాలని కోర్టును అడిగాడు, ఏళ్లతరబడి కంప్యూటర్ల సీ భాష పాఠం చెప్పి రిటైరైన నన్ను కోర్టు పంపింది. నేను వెతకవలసింది ఒక్క బైటు. దొరికితే ఆమె ఇంటికి వెళుతుంది. దొరక్కపోతే హంతకురాలు.

బైటు అంటే ఎంత, సున్నా నుంచి రెండు వందల యాభై అయిదు దాకా ఏదో ఒక అంకె పట్టే గూడు, అంతకంటే పెద్ద సంగతి అందులో ఇమడదు. పైదిమ్మె కదిలిన ప్రతిసారీ యంత్రం తన జ్ఞాపకంలో ఒక వరస రాసుకుంటుంది: ఎప్పుడు కదిలాను, ఎందుకు కదిలాను. ఆ ఎందుకు అన్నది ఒక బైటు. మనిషి రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కితే అరవై ఆరు. ఎవరూ నొక్కకుండా, నూనె ఒత్తిడి జారిపోయి తనంతట తాను పడిపోతే రెండు వందల పదిహేను. ఇనుముకు ఆ మాత్రం మర్యాద నేర్పారు, గుద్దిన ప్రతి గుద్దుకూ కారణం రాసి పెట్టుకోవాలని. మగవాళ్లకు నేర్పలేదు. నేర్పి ఉంటే, గుండీ ఊడినందుకు ఒక అంకె, ఎదురు చెప్పినందుకు ఒక అంకె, నవ్వినందుకు ఒక అంకె, ఊరికే అన్నదానికి ఒక అంకె, మా అక్క మొగుడు, బావ పుర్రెను విప్పి తీగ తగిలించి లాగితే ఆ చివరి అంకె గుట్టలు గుట్టలుగా రాలి పడేది. అక్కకు కుడి చెవి వినబడేది కాదు. పెళ్లికి ముందు వినబడేది. బావది ఎడమచేతి వాటం. ఎదురుగా నిలబడి కొట్టే ఎడమచేతి దెబ్బ మనిషి కుడి చెవి మీద పడుతుంది. ఇది లెక్క. ఈ లెక్క మా ఇంట్లో అందరికీ వచ్చు, ఎవరూ పైకి చేయలేదు. అక్క నవ్వుతూ ఎడమ చెవి ఇటు తిప్పి, ఏమిటే, గట్టిగా చెప్పు, అనేది. నేను గట్టిగా చెప్పేదాన్ని. ఏం చెప్పేదాన్నో గుర్తు లేదు, ఆ తల తిప్పడం మాత్రం గుర్తుంది, పిచ్చుక తిప్పినట్టు, మెడ మీద వేళ్ల ముద్రలు చీర కొంగు కింద నుంచి బయటికొచ్చేవి, నాలుగు, బొటనవేలిది వెనక ఉండేది.

"మేడమ్, ఊరికే శ్రమ పడుతున్నారు," అంటున్నాడు చీఫ్ ఇంజనీరు. నా పక్కన కుర్చీ అంచు మీద కూర్చుని మోకాలు ఊపుతున్నాడు. ఒకప్పుడు నా క్లాసులో రెండో బెంచీ, ఇప్పుడు ఈ హాలుకంతటికీ పెద్ద. "ప్రమాదం జరిగిన మర్నాడే నేను వెతికాను. లేదు."

"లేదని ఎవరు చెప్పారు?"

"ఫంక్షనే చెప్పింది. నల్ వచ్చింది. నల్ వస్తే దొరకనట్టే అని మీరే కదా మేడమ్ చెప్పింది."

"ఏ ఫంక్షన్ వాడావు?"

"అదే, స్ట్రింగ్‌లో అక్షరం వెతికేది. అక్షరమైతేనేం, బైటైతేనేం, అంతా ఒకటేగా?"

అంతా ఒకటేగా. ఒళ్లంతా చల్లబడింది, నాకు కోపం వచ్చేది అలాగే, వేడిగా రాదు. సీ భాషలో మాట ఎక్కడ ముగిసిందో తెలియడానికి చివర ఒక సున్నా పెడతారు. అతను వాడింది మాటలు చదవడానికి పుట్టిన ఫంక్షన్. సున్నా ఎదురైతే, అయిపోయింది, ఇంకేం లేదు, అని వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. యంత్రం జ్ఞాపకం మాటలు కాదు. అందులో సున్నాలు గాజు పెంకుల్లా అడుగడుక్కీ ఉంటాయి. అప్పటికే తీగ గుండా దిగిన మొదటి వరసను తెర మీదికి తెచ్చాను: సంవత్సరంలో చివరి రెండంకెలు, నెల, తేదీ, ఆ తరువాత గంట. మొదటి వరస అర్ధరాత్రి షిఫ్టుది. గంట సున్నా.

"ఇటు చూడు," అన్నాను. "నీ ఫంక్షన్ ఎక్కడ ఆగింది?"

చూశాడు. మోకాలు ఊపడం మానేశాడు.

"మూడు బైట్లు చదివావు నాయనా. మూడు బైట్లు చదివి ఒక ఆడదాన్ని ఉరికంబం దాకా నడిపించావు."

"ఆవిడే ఒప్పుకుంది కదా మేడమ్," అన్నాడు. "నేను కొత్తగా ఏం చేశాను?"

నువ్వేం చేయలేదు. ఎవరూ ఏమీ చేయరు. అక్క మేడమెట్ల మీద నుంచి పడి చచ్చిపోయిందని కబురొచ్చిన మర్నాడు ముందుగదిలో పెద్దవాళ్లు కూర్చున్నారు, నాన్న, మేనమామ, బావ తరఫు ఇద్దరు. బావ గోడకు ఆనుకుని గడ్డం పట్టుకుని కూర్చున్నాడు, ఎడమచేతి కణుపులు వాచి ఉన్నాయి, మెట్లు పిడికిలితో ఎక్కుతారా ఎవరైనా. మేనమామ అమ్మనొక్కదాన్నే అడిగాడు: నీతో ఎప్పుడైనా ఏమన్నా చెప్పిందా? అమ్మ మాట్లాడలేదు. ఆ గదిలో ఆ క్షణాన ఈగ రెక్క చప్పుడు వినబడింది. మేనమామ, సరే అయితే, అన్నాడు. ఆ ఒక్క ఖాళీ దగ్గర విచారణ ముగిసింది. దాన్ని దాటి ఇంకొక్క గడప అవతలికి, వంటింటి తలుపు పక్కన నిలబడిన నా దగ్గరికి వచ్చి అడిగి ఉంటే నేను చెప్పేదాన్ని, మెడ మీద ముద్రలు చెప్పేదాన్ని, చెవి చెప్పేదాన్ని, పన్ను ఊడి చేతిలో పెట్టుకుని వచ్చిన రాత్రి చెప్పేదాన్ని. ఎవరూ రాలేదు. అది మొదలు బావను నేను చంపుతూనే ఉన్నాను. బస్సు చక్రం కింద పెట్టి చంపాను, సుత్తితో చంపాను, మెట్ల మీద నుంచి, ఒక్కో మెట్టుకూ తల తగిలేలా, నెమ్మదిగా, చంపాను. ఈ ఉదయం హాల్లోకి అడుగు పెట్టి, టార్పాలిన్ అంచు పైకెత్తి, అచ్చు మూలల్లో నల్లగా ఎండిపోయిన దాన్ని చూసినప్పుడు, నాకు కళ్లు తిరగలేదు. ఇక్కడ పడుకోబెట్టవచ్చు, అనుకున్నాను. వెల్లకిలా. పైదిమ్మె దిగడం కనబడేలా.

గీత సగం దాటింది. మనసులో ఒక మూల ఇంకో లెక్క నడుస్తోంది, దానికి సిగ్గు లేదు. ఒకవేళ లేకపోతే? చివరి వరసలో అరవై ఆరే ఉంటే? కంప్యూటర్‌లో కాపీ ఉంది, నా చేతి కింద కీబోర్డు ఉంది, అరవై ఆరును రెండు వందల పదిహేను చేయడానికి మూడు మీటలు చాలు. ఈ పిల్లవాడికి తేడా తెలియదు, కోర్టుకు అసలే తెలియదు. ఒక అంకె మారితే ఒక బతుకు మారుతుంది; చంపినవాడికి బతుకు మిగిల్చినప్పుడు పాపం కానిది, చంపినదానికి మిగిలిస్తే ఎందుకు పాపం? చేయను. చేయనని తెలుసు. మంచితనం కాదు. ఎవడో ఒకడు తన అవసరానికి అంకె మార్చే చోటే అక్క లాంటివాళ్లు మెట్ల మీద నుంచి పడతారు. కానీ చేయనని తెలిసి కూడా వేళ్లు ఆ మీటల మీదికే వెళుతున్నాయి, కుక్క ముద్దకు వెళ్లినట్టు.

తలుపు తోసుకుని మహిళా కానిస్టేబుల్ తల లోపలికి పెట్టింది, పక్కగదిలో ఆపరేటరుకు కాపలా ఉన్నది ఆమే. "మేడమ్, ఈవిడ కాళ్లు పట్టేశాయి, నాలుగడుగులు వేస్తానని లేచి ఇటే వచ్చేసింది. ఆపితే ఆగేరకం కాదు."

వెనకనే ఆమె. ఎత్తుగా, ఎముకల గూడులా, బూడిదరంగు చీర. ఎడమచేతి చిటికెనవేలు మధ్య కణుపు దగ్గర పక్కకు తిరిగి ఉంది. అచ్చు బిగించే స్పానర్‌తో మొగుడు వంచాడని వకీలు కాగితాల్లో చదివాను.

"ఇంకా ఎంతసేపమ్మా?"

"అరగంట."

"ఎందుకమ్మా ఇదంతా? నేను చెప్పానుగా."

"ఏం చెప్పావో ఒకసారి నాకు చెప్పు."

"నొక్కాను." తెర వైపు చూడలేదు, కిటికీలోంచి టార్పాలిన్ వైపు చూసింది. "వంగాడు. వీపు కనబడింది. చెమటకి చొక్కా అంటుకుపోయి వెన్నుపూస తెలుస్తోంది. ఈ వీపు లేకపోతే ఎలా ఉంటుందో అనిపించింది. నొక్కాను. రెండు చేతులతో. కళ్లు మూసుకోలేదు."

"అక్షరం పొల్లు పోకుండా నాకూ ఇదే చెప్పింది," అంది కానిస్టేబుల్. "ఒప్పుకోనివాళ్ల చేత ఒప్పించడమే మా పని అనుకున్నా ఇన్నాళ్లూ. ఒప్పుకున్నదాన్ని కాదు కాదనడానికి ఇంతమందా! నీ పెళ్లికైనా ఇంతమంది వచ్చారంటే నమ్మను."

"నువ్వూరుకో అక్కా," అంది ఆపరేటరు, విసుగు లేకుండా. పెదవి కొస నవ్విందేమో కూడా. "వచ్చినవాళ్లు అప్పుడేం చేశారని."

ఆ ముఖంలో నేను భయం వెతికాను, లేదు; దుఃఖం వెతికాను, లేదు. ఉన్నదేమిటో పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది, ఆడదాని ముఖం మీద అది అరుదుగా చూస్తాం. పొగరు. మెడ నిటారుగా ఉంది, గడ్డం కాస్త ఎత్తి ఉంది, పని బాగా చేసి పక్కకు జరిగిన మేస్త్రీలా నిలబడింది. నొక్కి ఉంటుంది, అనుకున్నాను. కళ్లు మూసుకోకుండా, రెండు చేతులతో. ఆ క్షణాన నాకు ఆమెను విడిపించాలన్న కోరిక ఎంత ఉందో, ఆమె నొక్కి ఉండాలన్న కోరికా అంతే ఉంది, రెండూ ఒకదాని గొంతు ఒకటి పట్టుకుని నాలోనే పెనుగులాడుతున్నాయి, ఏది చచ్చినా నాకు నష్టమే. మెట్ల మీద అక్క ఒక్కసారి వెనక్కి తిరిగి తోసి ఉంటే. ఒక్కసారి. అక్క చేతులు సన్నవి, గాజులు జారేవి. కానిస్టేబుల్ ఆమె భుజం పట్టి పక్కగదిలోకి తీసుకెళ్లింది, తలుపు మూసుకుంది.

అంతా వచ్చేసింది. గీత నిండింది, కంప్యూటర్ చిన్నగా కూసింది. ఇప్పుడు మెమ్‌చర్, మాటలు కాక బైట్లు వెతికేది, పాఠంలో దాన్ని పేదింటి ఫంక్షన్ అనేదాన్ని, దానికి ఆర్భాటం లేదు, ఊహలు లేవు. దానికి మూడు చెప్పాలి: ఎక్కడి నుంచి వెతకాలి, దేన్ని వెతకాలి, ఎంత దూరం వెతకాలి. సున్నా ఎదురైతే అది కూడా ఒక అంకేనని దాటి వెళ్లిపోతుంది. చెప్పినంత దూరం వెళుతుంది, ఒక్క అడుగు తక్కువ కాదు. చెప్పినదానికంటే ఎక్కువ వెళ్లదు కూడా, అందుకే ఆ మూడోది సరిగ్గా చెప్పాలి, ఎక్కువ చెబితే పక్కవాడి జ్ఞాపకంలోకి జొరబడుతుంది, అక్కడ దొరికినదాన్ని నీదనుకుంటావు. నా వేళ్లు మీటల మీద ఉన్నాయి. నమోదు పుట్టే చోటి నుంచి. రెండు వందల పదిహేను కోసం. నమోదు ముగిసే చోటి దాకా. నొక్కాను.

దొరికింది. ఇంత తొందరగానా, అని వరస చదివాను. తేదీ ఆనాటిది కాదు. సెట్టరు చావడానికి చాలా ముందుది. చీఫ్ ఇంజనీరు కుర్చీ నా వైపు జరిపాడు. దొరికిన గూటి పక్క గూటి నుంచి మళ్లీ వెతకమన్నాను. మళ్లీ దొరికింది. ఇంకో తేదీ. మళ్లీ. పైదిమ్మె ఎవరూ చెప్పకుండా పడింది, పడింది, మళ్లీ పడింది, పడ్డ ప్రతిసారీ బుద్ధిగా రాసుకుంది, నేను నా అంతట నేను పడ్డాను అని, కింద రేకు మాత్రమే ఉంది గనుక ఎవరూ చదవలేదు.

"పడ్డప్పుడు ఎర్రదీపం వెలగాలి కదా," అన్నాను.

"వెలిగేది మేడమ్." కుర్చీ మళ్లీ వెనక్కి జరిపాడు. "ఊరికే వెలుగుతోంది, ఊరికే వెలుగుతోంది అని ఆపరేటర్లు మిషను ఆపేస్తున్నారు. ప్రొడక్షన్ దెబ్బ తింటోందని సూపర్‌వైజర్ దాని మీద నల్లటేపు వేయించాడు."

"నీకు తెలుసా?"

మాట్లాడలేదు. ఈసారి నేను ఆ ఖాళీ దగ్గర ఆగలేదు. "తెలుసా, తెలీదా?" అన్నాను. "అడుగుతున్నది కోర్టు."

"తెలుసు," అన్నాడు.

మళ్లీ వెతికాను. చివరిది నమోదు అంచున ఉంది, దాని తరువాత యంత్రం ఇంకేమీ రాయలేదు, ఆ తరువాత దాని కరెంటు తీసేశారు. సంవత్సరం, నెల, తేదీ ఆనాటివే. గంట మధ్యాహ్నానిది. ఎందుకు: రెండు వందల పదిహేను. దాని పక్క గూడు బటన్లది, ఆ క్షణాన ఏ చేయి ఏ బటన్ మీద ఉందో చెప్పేది. ఏ చేయీ లేదు. ఒకటికి రెండుసార్లు కాదు, పాఠంలో పిల్లలకు చెప్పినట్టు కింది నుంచి పైకి కూడా చదివాను. ఆమె బటన్లు నొక్కలేదు. ఆమె కళ్లముందు, ఆమె చేతులు ఒంటికి అంటుకుని ఉండగా, పైదిమ్మె తనంతట తాను దిగి ఆ వీపును ఎముకతో సహా రేకులా పరిచేసింది.

"మేడమ్," అన్నాడు చీఫ్ ఇంజనీరు, చాలా మెల్లగా, క్లాసులో లేటుగా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డప్పటి గొంతుతో, "ఇదంతా రిపోర్టులో ఉండాలా? ఆవిడే ఒప్పుకుంది. అందరికీ సరిపోయింది కూడా."

"అందరికీ అంటే ఎవరెవరికి? పేర్లు చెప్పు, రాసుకుంటాను."

లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు, ఫోను తీశాడు, చేతిలో పెట్టుకుని ఎవరికీ చేయకుండా నిలబడ్డాడు. నేను ఆ వరసను అచ్చు తీయించి, వేడి కాగితం చేత్తో పట్టుకుని, పక్కగది తలుపు తోశాను. కానిస్టేబుల్ బల్ల మీద కూర్చుని గోళ్లు చూసుకుంటోంది. ఆమె గోడకు ఆనుకోకుండా నిటారుగా కూర్చుని ఉంది. సంతోషవార్త ఎలా చెప్పాలో నాకు రాదు, నా బతుకులో ఆ అవసరం పెద్దగా పడలేదు. సూటిగా చెప్పాను. "నువ్వు నొక్కలేదమ్మా. యంత్రం తనంతట తాను పడింది. అంతకుముందు కూడా పడింది, వీళ్లు దాచారు. ఆ క్షణాన నీ చేతులు బటన్ల మీద లేవు. రాసి ఉంది. నిన్ను వదిలేస్తారు."

"ఓరి దేవుడా," అంది కానిస్టేబుల్, లేచి నిలబడి. "విన్నావా? బతికిపోయావు! మరి ఇన్నాళ్లూ ఆ పాట ఏమిటే నీకు?"

ఆమె కాగితం వైపు చూసింది. చదవడానికి అందులో ఏముంది, అంకెలు. ఆ తరువాత నన్ను చూసింది, మెడ ఎత్తే ఉంది, గడ్డం వణకడం మొదలుపెట్టింది, కింద నుంచి ఏదో కూలుతున్నట్టు. లేచింది. దగ్గరికి వచ్చింది, కాళ్లకు దండం పెడుతుందేమోనని ఒక అడుగు వెనక్కి వేశాను. దెబ్బ ఎప్పుడు పడిందో తెలియలేదు. కుడి దవడ మీద, ఆ వంకరవేలున్న ఎడమచేత్తో, నిండుగా. కళ్లజోడు ఎగిరి గోడకు తగిలింది, నోట్లో ఉప్పగా రక్తం ఊరింది.

"ఏమే, పిచ్చా నీకు!" కానిస్టేబుల్ ఆమె రెక్క పట్టుకుని వెనక్కి లాగింది.

"వదులు," అన్నాను. "ఆమెను వదులు."

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?" అంది ఆమె. ఇందాకటి అమ్మా లేదు, మన్నన లేదు. "పదహారేళ్లు తన్నులు తిన్నాను. ఒక్కసారి. ఒక్కసారి చేశాను నేను. అదీ నాది కాదంటావా?"

మణికట్టుతో నోటి రక్తం తుడుచుకున్నాను.

"నొక్కానని రాయమ్మా," అంది, గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది. "నీకేం పోతుంది. ఒక్క అంకేగా. నేనే చంపానని రాయి."

"రాయను," అన్నాను.

కూర్చోలేదు, ఏడవలేదు. చేతులు వేలాడేసుకుని, ఆ చేతులు ఎవరివో తెలియనట్టు వాటి వంక చూస్తూ నిలబడిపోయింది. నేను కళ్లజోడు వెతుక్కుని, వంగి తీసుకుని, పగిలిన అద్దంలోంచే వెనక్కి నడిచి, బల్ల దగ్గర కూర్చుని రిపోర్టు రాశాను: దీపం, నల్లటేపు, పడ్డ ప్రతి తేదీ, చివరిది, తెలుసు అన్న మాటతో సహా. సంతకం పెడుతున్నప్పుడు దవడ కదిలించబోతే కదల్లేదు. మంచి బలమున్న చెయ్యి. అంత చెయ్యి పెట్టుకుని అన్నేళ్లూ ఎవరినీ కొట్టలేదు.